రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్ ఇంకా ఎందుకు బతికుంది? జాంబీ కామెడీ తీయబోతున్న అనంతపురం కుర్రాళ్లకు ఒక మేకప్ వాడి జవాబు

అనంతపురం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మేం ఐదుగురు ఫ్రెండ్స్ కలిసి ఇరవై నిమిషాల జాంబీ కామెడీ తీద్దామనుకుంటున్నాం. ఎవర్ని అడిగినా 1985లో వచ్చిన రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్ చూడమంటున్నారు. చూశాం. హీరో అంటూ ఎవరూ లేరు, మేకప్ పాతకాలంది, చివరికి ఎవరూ మిగలరు. దీన్ని కల్ట్ అని ఎందుకంటారు? మన సీమలో తీసేవాళ్లకి ఇందులో పనికొచ్చేదేమైనా ఉందా?"

ఉంది. చాలా ఉంది. ఆ సినిమాలో ఒక్క మనిషి కూడా తాను కామెడీ సినిమాలో ఉన్నట్టు ప్రవర్తించడు. శవం లేచి మీద పడుతున్నా వాళ్ల టెన్షన్ అంతా ఉద్యోగం గురించి, లైసెన్స్ గురించి, ఓనరు తిడతాడేమో అనే దాని గురించి. నవ్వంతా అక్కణ్నుంచే పుట్టింది. జోకులు రాసుకుని జాంబీల మధ్య చల్లిన సినిమాలు ఆ తర్వాత బోలెడు వచ్చాయి, పోయాయి. ఇది నలభై ఏళ్లయినా పోలేదు. మీరు ఇది ఒక్కటి పట్టుకుంటే చాలు.

నేను కర్నూల్లో ఉంటాను. పద్యనాటకాలకు రంగు వేయడంతో మొదలుపెట్టాను. ఇప్పుడు ఎక్కువగా షార్ట్ ఫిల్ములకు గాయాలు, దయ్యాలు, ముసలి వేషాలు చేస్తున్నాను. కాబట్టి నా జవాబు కాస్త మొహాల వైపు మొగ్గుతుంది, సర్దుకోండి.

ముందు ఆ సినిమా ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలి, లేకపోతే అందులోని పెద్ద జోకు మీకు అందదు. 1968లో జార్జ్ రొమేరో, జాన్ రూసో కలిసి నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ రాశారు, రొమేరో డైరెక్ట్ చేశాడు. మనం ఇప్పుడు జాంబీ అనుకునే శాల్తీ, అంటే మెల్లగా నడుస్తూ మనుషుల మాంసం తినేది, తల పగలగొడితే తప్ప చావనిది, అక్కడ పుట్టింది. తర్వాత ఇద్దరూ విడిపోయారు. 'లివింగ్ డెడ్' అనే పేరు రూసో వాటాకి వచ్చింది. రొమేరో తన సినిమాలకు 'ఆఫ్ ది డెడ్' అని పెట్టుకుంటూ పోయాడు. అన్నదమ్ముల భాగపరిష్కారంలో ఒకడికి చేను, ఒకడికి బావి వచ్చినట్టు. రూసో వైపు కథ చేతులు మారి చివరికి డాన్ ఓ'బానన్ దగ్గరికి చేరింది. 1979లో వచ్చిన ఏలియన్ రాసింది ఈయనే. మొదట దీన్ని టోబ్ హూపర్ డైరెక్ట్ చేయాల్సింది, ఆయన తప్పుకున్నాక ఓ'బానన్ తనే దర్శకుడయ్యాడు. దర్శకుడిగా అదే ఆయన మొదటి సినిమా. రొమేరో దారిలోనే వెళ్తే కాపీ అంటారని కథని దాదాపు మొత్తం తిరగరాసి, కామెడీ వైపు తిప్పాడు.

ఇప్పుడు ఆ జోకు. లూయీవిల్ అనే ఊళ్లో మెడికల్ కాలేజీలకు శవాలు, అస్థిపంజరాలు సప్లై చేసే గోడౌన్. అందులో ఫ్రాంక్ అనే సీనియర్, ఆ రోజే ఉద్యోగంలో చేరిన ఫ్రెడీకి గొప్ప చెప్పుకుంటాడు: "నువ్వు చూసిన ఆ పాత జాంబీ సినిమా ఉంది చూడు, అది నిజంగా జరిగిందే. మిలిటరీ వాళ్లకి భయపడి కథ మార్చి తీశారు. ఆ శవాలున్న డ్రమ్ములు పొరపాటున మన అడ్రస్‌కి వచ్చాయి, కింద బేస్‌మెంట్‌లో ఉన్నాయి, చూస్తావా?" కొత్తవాడు డ్రమ్ము చూసి, లీకవ్వవు కదా అంటాడు. ఫ్రాంక్‌కి పౌరుషం పొడుచుకొస్తుంది. అమెరికా మిలిటరీ ఇంజనీర్లు చేసిన సరుకు ఇది అంటూ డ్రమ్ము మీద ఒక్క చరుపు చరుస్తాడు. గ్యాస్ బుస్సుమంటుంది.

ఆ సీను మళ్లీ మళ్లీ చూడండి. అక్కడ జోకు డైలాగు లేదు. మన ఊళ్లో ఏ షాపులో అయినా కొత్త కుర్రాడి ముందు సీనియర్ ఇలాగే ప్రవర్తిస్తాడు. పదిహేను నిమిషాల్లోపే సినిమా మొత్తానికి కారణం పుట్టింది, ఆ కారణం ఒక మనిషి డాబు. మీ స్క్రిప్టులో వైరస్ ల్యాబ్ నుంచి తప్పించుకుంది, ఉల్క పడింది అని రాసుకుని ఉంటే కొట్టేయండి. ఒక మనిషి బుద్ధి వల్ల జరగాలి.

తర్వాతి సీను ఇంకా గొప్పది. కోల్డ్ రూంలో ఉన్న శవం లేస్తుంది. గోడౌన్ ఓనరు బర్ట్ వస్తాడు. పాత సినిమాలో చూపించినట్టు తలలో గునపం దించుతారు. అది చావదు. తల కోసేస్తారు, మొండెం లేచి పరిగెత్తుతుంది. అప్పుడు వాళ్ల మొహాల్లో కనిపించేది భయం కన్నా ఎక్కువగా మోసపోయిన ఫీలింగ్. సినిమాలో పని చేసింది కదా, అంటే సినిమా అబద్ధం చెప్పిందా అని ఒకరినొకరు అడుగుతారు! అందరికీ తెలిసిన రూలుని చెప్పి మరీ విరగ్గొట్టారు. ఆ క్షణం నుంచి ప్రేక్షకుడికి కూడా దీన్ని ఎలా ఆపాలో తెలియదు. నవ్వించిన సీనే భయానికి తలుపు తీసింది. హారర్ కామెడీ అని పేరు పెట్టుకున్న సినిమాల్లో ఎక్కువ శాతం ఇక్కడే తన్నేస్తాయి, పది నిమిషాలు నవ్వించి తర్వాత పది నిమిషాలు భయపెడదామని చూస్తాయి. రెండూ ఒకే సీన్లో, ఒకే కారణం వల్ల రావాలి.

మనకిది కొత్తేం కాదు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను చూసినవాళ్లకి తెలుసు. బిడ్డ శవం ముందు చంద్రమతి ఏడుస్తూ ఉంటుంది, అదే వల్లకాట్లో వీరబాహుడు తాగి వచ్చి జనాన్ని నవ్విస్తాడు. వీరబాహుడి వేషం కట్టే మంచి నటుడు ఎప్పుడూ జనం వైపు చూసి కన్ను కొట్టడు. వాడికి తన కాటిసుంకం ముఖ్యం, అంతే. నేను రంగు వేసిన నటుల్లో ఈ సంగతి తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ తేడా స్టేజి ఎక్కిన రెండు నిమిషాల్లో తెలిసిపోయేది.

మేకప్ పాతకాలంది అన్నారు. కొన్ని చోట్ల ఒప్పుకుంటాను, శ్మశానంలో లేచే గుంపు దగ్గరికి వచ్చేసరికి కొందరికి మాస్కులు తగిలించినట్టే ఉంటుంది. కానీ మూడు పనులు మాత్రం ఇప్పటికీ నేను ఆపి ఆపి చూస్తాను.

మొదటిది తారు మనిషి. డ్రమ్ములోంచి బయటికొచ్చి బేస్‌మెంట్‌లో తిరిగే నల్లటి జిగట శవం. దాన్ని వేసింది అలన్ ట్రాట్‌మన్, ఆయన బొమ్మలాడించే కళాకారుడు. అందుకే ఆ నడకలో కీళ్లు ఎక్కడికక్కడ ఊడిపోతున్నట్టు, ఎముకలని ఎవరో పైనుంచి దారాలతో లాగుతున్నట్టు ఉంటుంది. సూటు ఎంత బాగున్నా లోపల మామూలు మనిషి నడిస్తే అది తారు పూసుకున్న మామూలు మనిషే. మీరు జాంబీ వేషాలకి జిమ్ ఫ్రెండ్స్‌ని పిలవకండి. డాన్స్ తెలిసినవాళ్లని, కోలాటం ఆడేవాళ్లని, వీలైతే తోలుబొమ్మలాటతో పరిచయం ఉన్నవాళ్లని పిలవండి. మీకు ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది, అక్కడ ఆ కళాకారుల కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక మధ్యాహ్నం వెళ్లి బొమ్మ చెయ్యి ఎలా లేస్తుందో, ఎలా వాలుతుందో చూసి రండి.

రెండోది సగం శవం. నడుము పైభాగం మాత్రమే ఉన్న ఒక ముసలి శవాన్ని బల్లకి కట్టేసి, శవాలు కుళ్లిపోకుండా మందులు ఎక్కించే (ఎంబామింగ్) ఎర్నీ ప్రశ్నలడుగుతాడు. అది పూర్తిగా యంత్రాలతో కదిలించిన బొమ్మ. మెదళ్లే ఎందుకు తింటారు అంటే, చచ్చిపోయి ఉండటం చాలా నొప్పిగా ఉంటుంది, తింటే ఆ నొప్పి కాసేపు తగ్గుతుంది అంటుంది. అప్పటిదాకా నవ్విన నవ్వంతా గొంతులో అడ్డం పడుతుంది. రొమేరో జాంబీలకు కారణం అడిగేవాళ్లు లేరు. ఇక్కడ అడిగారు, జవాబు కూడా వచ్చింది, ఆ జవాబు వల్ల జాంబీ మీద జాలి పుట్టింది.

మూడోది ఫ్రాంక్, ఫ్రెడీ మొహాలు. గ్యాస్ పీల్చినవాళ్లు వెంటనే జాంబీలు కాలేదు. గంటగంటకీ కొంచెం కొంచెం పాలిపోతారు. అంబులెన్స్ వాళ్లు వచ్చి చూస్తే నాడి లేదు, బీపీ లేదు, ఒళ్లు గది ఎంత చల్లగా ఉందో అంతే చల్లగా ఉంది. కానీ మనుషులు మాట్లాడుతున్నారు! ఆ అంబులెన్స్ కుర్రాళ్లు పక్కకెళ్లి గుసగుసలాడుకునే తీరు చూడండి, మన పెద్దాసుపత్రుల్లో రిపోర్టు చూసి బంధువులకి ఎలా చెప్పాలో తెలియని మొహం అది. ఫ్రాంక్ వేషం వేసిన జేమ్స్ కారెన్ మొదట్నుంచీ ఏడుపు, అరుపు, గగ్గోలు. అంత ఓవర్‌గా చేసిన మనిషే ఆఖర్న నోరెత్తకుండా పెళ్లి ఉంగరం తీసి పెట్టేసి, ప్రార్థన చేసుకుని తనంతట తాను దహనం పొయ్యిలోకి వెళ్తాడు. కామెడీ పాత్రకి అంత మర్యాదైన ముగింపు ఇచ్చిన జాంబీ సినిమా నేను ఇంకోటి చూడలేదు.

ఇక వారసత్వం సంగతి. లోకంలో ఏ చిన్నపిల్లాడైనా జాంబీ ఆట ఆడితే చేతులు చాచి "బ్రెయిన్స్" అంటాడు. అది రొమేరో జాంబీలు అన్న మాట కాదు, ఈ సినిమా అలవాటు చేసింది. 1992 నాటికే సింప్సన్స్ కార్టూన్‌లో జాంబీలు మెదళ్ల కోసం తిరుగుతున్నాయి, అంటే ఏడేళ్లలో మూలం మర్చిపోయేంతగా ఊరి సొత్తు అయిపోయింది. పరిగెత్తే జాంబీలని కూడా 2000 తర్వాత వచ్చిన సినిమాల ఖాతాలో వేస్తుంటారు, ఇక్కడ 1985లోనే పరిగెత్తాయి. పైగా మాట్లాడాయి. అంబులెన్స్ వాళ్లని తినేశాక వైర్‌లెస్ తీసుకుని, ఇంకొంతమందిని పంపమని అడిగిన జాంబీ ఇక్కడే ఉంది. పంక్ పాటల వల్ల అప్పటి కుర్రకారు క్యాసెట్ల కోసం కూడా వెతికారు. సీక్వెల్స్ నాలుగొచ్చాయి: 1988లో, 1993లో ఒక్కోటి, 2005లో రెండు. 1993ది ప్రేమకథ, దానికి విడిగా అభిమానులున్నారు. మిగతావి చూడకపోయినా మీకేం నష్టం లేదు.

2004లో వచ్చిన షాన్ ఆఫ్ ది డెడ్ తప్పకుండా చూడండి. ఎడ్గర్ రైట్ తీసింది. అందులో హీరో పొద్దున్నే నిద్రమొహంతో వీధి చివర కొట్టుకెళ్లి వస్తాడు, చుట్టూ జాంబీలున్నా గమనించడు. అదే దారి, అదే నడక ముందురోజు కూడా చూపించారు కాబట్టి నవ్వొస్తుంది. ఈ టెక్నిక్‌కి పైసా ఖర్చులేదు, మీ బడ్జెట్‌కి అతికినట్టు సరిపోతుంది. రొమేరోకి ఆ సినిమా ఎంత నచ్చిందంటే, తన తర్వాతి సినిమాలో రైట్‌కీ, హీరో సైమన్ పెగ్‌కీ జాంబీ వేషాలిచ్చాడు.

మన దేశంలో 2013లో గో గోవా గాన్ వచ్చింది, తీసిన రాజ్, డీకే ఇద్దరూ చిత్తూరు వైపు వాళ్లే, తిరుపతిలో ఇంజనీరింగ్ చదివారు. మీలాంటి ఇంజనీరింగ్ కుర్రాళ్లే, గుర్తుపెట్టుకోండి. 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ జాంబీ రెడ్డి వచ్చింది. తేజ సజ్జా హీరో, ఫ్రెండు పెళ్లికని మా కర్నూలు వైపు వస్తాడు, అక్కడ ఫ్యాక్షన్ గొడవ, దాని మధ్యలో జాంబీలు. ఆలోచన చాలా మంచిది. కత్తులు పట్టుకుని జనం మీదికి రావడం మామూలే అని ముద్ర పడిన ఊళ్లో జాంబీలొస్తే ఎవడు ఎవడో ఎలా తెలుస్తుంది? నా అభిప్రాయం అడిగితే, ఈ ప్రశ్నని ఇంకా గట్టిగా పిండుకోవచ్చు, సినిమా మధ్యమధ్య పంచ్‌ల కోసం ఆగింది. అయినా తెలుగులో జాంబీ అనే మాటకి థియేటర్లో టికెట్ తెగుతుందని చూపించిన సినిమా అది, ఆ క్రెడిట్ ఇవ్వాలి. మీరు మళ్లీ ఫ్యాక్షన్ జోలికి వెళ్లకండి. ఒకసారి వాడేశారు. సీమ అంటే అదొక్కటే అనుకునేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

మరి ఏం తీయాలి? ఓ'బానన్ శవాల గోడౌన్ పట్టుకున్నట్టు, మీరు మన ఊళ్లో చావు చుట్టూ తిరిగే ఒక వ్యాపారం పట్టుకోండి. నాకు తోచింది చెప్తాను, వాడుకుంటే వాడుకోండి. ఫ్రీజర్ బాక్సులు అద్దెకిచ్చే షాపు. ఎవరైనా పోతే అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా శవాన్ని పెట్టే బాక్సు. ఓనరు, ఒక కొత్త కుర్రాడు, వైకుంఠ రథం డ్రైవరు. కరెంటు పోయింది, జనరేటర్ స్టార్ట్ అవ్వలేదు, బాక్సులో పెద్దాయన లేచి కూర్చున్నాడు. బంధువులు సంతోషపడాలా పారిపోవాలా తెలియక నిలబడ్డారు. ఓనరు బాధ వేరే: మూడు రోజులకి బుక్ చేసుకున్నారు, ఒక్క రోజుకే లేచాడు, అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలా వద్దా? పంచాయితీ పెట్టండి. పెద్దాయన ఆస్తి కాగితాల మీద పిల్లలు అప్పటికే సంతకాలు చేసేసి ఉంటే ఇంకా మంచిది. అందరూ సీరియస్‌గా మాట్లాడాలి, ఒక్కడు కూడా నవ్వకూడదు. మెదళ్లు తినడం ఎప్పుడు మొదలవ్వాలో మీరే చూసుకోండి, నేనైతే అడ్వాన్స్ గొడవ తేలేదాకా ఆపుతాను.

మేకప్ గురించి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మన ఒంటి రంగు మీద తెల్ల పౌడర్ కొడితే శవంలా ఉండదు, విబూది పూసుకున్నట్టో జోకర్‌లానో ఉంటుంది. మొహంలోంచి ఎరుపు తీసేయాలి. పెదవులు, చెవి తమ్మెలు, గోళ్ల చుట్టూ బూడిద, పచ్చ కలిసిన షేడ్ పల్చగా అద్దండి, సగం చచ్చిపోతాడు. కళ్ల కింద నలుపు వాడొద్దు, కాటుక కారినట్టు ఉంటుంది, ముదురు గోధుమ రంగులో కొంచెం ఊదా కలపండి. మెడ, చేతులు మర్చిపోయేవాళ్లే ఎక్కువ, మొహం శవం, చేతులు మాత్రం కాలేజీ కుర్రాడివి. ఎండిపోయిన చర్మానికి ముల్తానీ మట్టి పూసి ఆరనిచ్చి, మొహం కదిలించమంటే తనంతట తనే పగుళ్లిస్తుంది. లిక్విడ్ లేటెక్స్ (గాయాలు చేసే రబ్బరు ద్రవం) వాడేటట్టయితే ముందురోజే మోచేతి లోపల చుక్క వేసి చూడండి, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. ఒకే జత తెల్ల లెన్సులు కొని అందరూ మార్చి మార్చి పెట్టుకోవడం మాత్రం వద్దే వద్దు. పాత నాటకాల పెట్టెల్లో అర్దళం, ముర్దాసింగి దొరికితే ముట్టుకోకండి. మొదటిదాంట్లో ఆర్సెనిక్, రెండోదాంట్లో సీసం ఉంటాయి, మా పెద్దవాళ్లు తెలియక మొహాలకి పూసుకునేవాళ్లు.

రక్తానికి చక్కెర పాకంలో ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కాఫీ పొడి చాలు. నోట్లోకి పోయినా ఫరవాలేదు. చీమలు పడతాయి, బట్టలు వెంటనే ఉతకాలి. పసుపు, సున్నం కలిపిన ఎరుపు మొహానికి వాడొద్దు, సున్నం చర్మాన్ని కాలుస్తుంది.

కొన్ని హెచ్చరికలు. రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్ ఇంట్లో అందరితో కూర్చుని చూసేది కాదు, నగ్నత్వం ఉంది. డ్రమ్ము, తారు మనిషి, గ్యాస్ పేరు, ఇవేవీ మీ సినిమాలో పెట్టొద్దు, వాటికి హక్కుదారులున్నారు. మీ సినిమాలో ఒక టీవీలో పాత జాంబీ సినిమా ఆడుతున్నట్టు చూపించాలంటే 1968 నాటి నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ చూడండి. ఆఖరి నిమిషంలో పేరు మార్చినప్పుడు కాపీరైట్ ప్రకటన పడిపోయింది, అందువల్ల అమెరికాలో అది అందరి సొత్తు అయిపోయింది. చాలామంది వాడుతుంటారు. నిజమైన శ్మశానంలో తీయకండి, అక్కడికి అదే రోజు ఎవరో ఏడుస్తూ రావచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, రోడ్డు మీద తీసేటప్పుడు స్టేషన్లో ముందే చెప్పి, కాగితం జేబులో పెట్టుకోండి. మన వైపు రక్తం మరకల చొక్కాతో కొడవలి పట్టుకుని అర్ధరాత్రి పరిగెత్తేవాణ్ని చూసి ఎవరూ జాంబీ అనుకోరు. మా టీం ఒకసారి కర్నూల్లో ఊరి చివర తీస్తుంటే, పక్క వీధివాళ్లు తలుపులేసుకుని పోలీసులకి ఫోన్ చేశారు, వచ్చిన కానిస్టేబుల్‌కి మా జాంబీనే నీళ్ల బాటిల్ ఇచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది.

షూటింగ్ ఏప్రిల్, మేలో పెట్టుకుంటే పగలు వద్దు. మన ఎండకి చెమట పట్టి లేటెక్స్ అంచులు లేచిపోతాయి, జెలటిన్‌తో చేసిన గాయాలైతే కరిగి కారతాయి. సాయంత్రం ఆరు దాటాక మొదలుపెట్టి తెల్లారేలోపు ముగించండి, వీధిలైట్ల తెల్ల ఎల్‌ఈడీ వెలుగు మొహాలకి సగం శవకళ దానంతట అదే తెస్తుంది. ఓ'బానన్ కథ కూడా ఒక సాయంత్రం మొదలై తెల్లవారుజామున అయిపోతుంది, కాబట్టి మీ ఇరవై నిమిషాలకి ఒక్క రాత్రి కథ రాసుకోండి. కంటిన్యూయిటీ తలనొప్పులు, కాస్ట్యూమ్ ఖర్చు రెండూ తగ్గుతాయి.

స్క్రిప్టు అయ్యాక ఇక్కడే పెట్టండి. ఫ్రీజర్ బాక్స్ ఓనరు డైలాగులు మాత్రం ముందు పంపండి, అవి చూడాలని ఉంది.